లెటర్ బాక్సులో పడ్డ కార్డు ఎవరిది?

పాయింట్ కుక్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం విషయం మీ అందరి ఇళ్ళ ముందూ ఉన్నదే. లెటర్ బాక్సు. అందులోకి కొత్త క్రెడిట్ కార్డు ఎలా వచ్చి పడుతుందో, దాని వెనక ఎంత గొడవ జరిగిందో చెబుతాను.

ముందు మా ఇంటి సంగతి. కొత్తగా కట్టిన ఇల్లు, కొత్త వీధి, లెటర్ బాక్సుకి తాళం లేదు. తాళం ఎందుకులే అనుకున్నాం. ఒక బ్యాంకు (పేరు ఎందుకు లెండి) కార్డు పంపామని మెసేజ్ ఇచ్చింది. పది రోజులు చూశాను, రాలేదు. పదకొండో రోజున 640 డాలర్ల ఖర్చు కనిపించింది. పెట్రోలు బంకు, మందు షాపు, మళ్ళీ పెట్రోలు బంకు. అన్నీ పిన్ అడగని చిన్న చిన్న మొత్తాలు. అదే బాక్సులోంచి నా పుట్టిన తేదీ ఉన్న ఇంకో ఉత్తరం కూడా పోయింది. దాంతోనే కార్డుని యాక్టివేట్ చేసుకుని ఉంటాడు ఆ మహానుభావుడు.

ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "మీ అడ్రసుకే డెలివరీ అయింది సార్." నిజమే, అడ్రసు నాదే. మరి చెయ్యి?

అప్పుడు మా మామయ్యగారు ఇక్కడే ఉన్నారు. ఆంధ్రాబ్యాంకులో పనిచేసి రిటైరయినవారు. ఆయనకి నా 640 డాలర్ల కంటే కార్డు వచ్చిన పద్ధతే ఎక్కువ బాధ కలిగించింది. "ఇంత విలువైన దాన్ని మామూలు పోస్టులో పంపుతారటయ్యా? రిజిస్టర్డ్ పోస్టు లేదూ, అక్నాలెడ్జిమెంటు లేదూ!" అని రెండు రోజులు అదే మాట. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు మచిలీపట్నంలో పెట్టిన ఆ బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. మన దేశంలో ఆ దారి తొక్కిన మొదటి బ్యాంకుల్లో అదొకటి. ఇప్పుడు ఆ బ్యాంకూ లేదు, 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఆయన నమ్ముకున్న రిజిస్టర్డ్ పోస్టు కూడా 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. ఈ రెండో కబురు ఆయనకి నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఎందుకిలా మామూలు కవరులో పెట్టి పంపడం మొదలైంది? వెతికితే కథ కాలిఫోర్నియాలో తేలింది.

1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో అనే ఊళ్ళో ఒకేసారి 60,000 కార్డులు పోస్టులో పంపింది. ఎవరూ అడగలేదు, అప్లికేషను పెట్టలేదు. తెల్లారి లేచి బాక్సు తెరిస్తే అప్పు! ఎందుకలాగంటే, కార్డున్న జనం లేందే షాపువాళ్ళు ఒప్పుకోరు, ఒప్పుకునే షాపులు లేందే జనం తీసుకోరు. పెళ్ళి కుదిరితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్ళి కుదరదు అన్న సామెత లాగా. ఆ ముడి విప్పడానికి జోసెఫ్ విలియమ్స్ అనే అధికారి జనానికి ముందే కార్డులు పంచేశాడు. నూటికి 4 ఖాతాలు సకాలంలో కట్టకపోవచ్చని లెక్క వేసుకుంటే, తీరా 22 అయ్యాయి. దొంగ కార్డులూ, మోసాలూ సరేసరి. విలియమ్స్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. కార్డు మాత్రం బతికింది, దాన్నే ఇవాళ మనం వీసా అంటున్నాం.

1966లో షికాగో బ్యాంకులు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేసి నవ్వులపాలయ్యాయి. పసిపిల్లల పేర్ల మీద కూడా కార్డులు వెళ్ళాయి. దొంగలకి పండగే పండగ. చివరికి 1970లో అమెరికా ప్రభుత్వం అడగకుండా కార్డులు పంపడాన్ని నిషేధించింది.

ఆ ముచ్చట అంతటితో ఆగిందా? ఆగలేదు. 1974 అక్టోబరులో ఇదే ఆస్ట్రేలియాలో బ్యాంకులన్నీ కలిసి 'బ్యాంక్‌కార్డ్' మొదలుపెట్టాయి. ఇక్కడ కూడా అడగనివాళ్ళకి గంపగుత్తగా పోస్టులో పంపేశారు. ఏడాదిన్నర తిరిగేసరికి పది లక్షల మంది పైన దాని కింద చేరారు. అంటే పోస్టుమ్యాన్ సంచీయే ఈ దేశానికి కార్డు అలవాటు చేసిందన్నమాట. తర్వాత ఇక్కడా చట్టం వచ్చింది. ఇప్పుడు మనం రాసి అడిగితే తప్ప కొత్త కార్డు పంపకూడదు. పాతదానికి బదులు పంపేది వేరు. బ్యాంక్‌కార్డ్ మటుకు 2007లో మూతపడింది. మన రిజర్వు బ్యాంకు నియమం ఇంకా కారంగా ఉంటుంది: అడగని కార్డు ఇచ్చి బిల్లు వేస్తే, ఆ బిల్లు కొట్టేయడమే కాదు, దానికి రెట్టింపు మొత్తం జరిమానాగా మనకే ఇవ్వాలి.

సరే, అడిగినవాళ్ళకే పంపుతున్నారు. కానీ అడిగినవాడికే అందిందని ఎలా తెలుస్తుంది? ఇక్కడే అసలు మార్పు వచ్చింది. పాతకాలం కార్డు కవరులోంచి తీసిన క్షణం నుంచీ పనిచేసేది. వెనకాల గీత మీద ఎవరు సంతకం పెడితే వాళ్ళదే. తర్వాత కార్డు ఒక కవరులో, పిన్ నంబరు కొన్ని రోజుల తేడాతో ఇంకో కవరులో రావడం మొదలైంది. ఆ తర్వాత కార్డుని నిద్రపుచ్చి పంపి, ఫోన్ చేస్తేనో యాప్‌లో నొక్కితేనో లేపే పద్ధతి. 2014 ఆగస్టు నుంచి ఆస్ట్రేలియాలో సంతకం బదులు పిన్ తప్పనిసరి చేశారు. అంటే బ్యాంకులు కవరుని నమ్మడం కొంచెం కొంచెంగా మానేశాయి. ఉద్యోగరీత్యా నేను చేసేదీ ఇలాంటి సిస్టమ్స్ పనే, అయినా నా దాకా వచ్చేవరకూ పట్టించుకోలేదు!

నన్ను గట్టెక్కించింది మాత్రం టెక్నాలజీ కాదు, ఒక కాగితం. ఈ-పేమెంట్స్ కోడ్ అని ఒకటుంది, ఇక్కడి బ్యాంకులు ఒప్పుకుని చేరినది. అందులో రాసి ఉంది: కార్డు మన చేతికి అందకముందు జరిగిన ఖర్చు మనది కాదు. అందిందా లేదా అని తగాదా వస్తే, అందలేదనే అనుకోవాలి, అందిందని రుజువు చేయాల్సింది బ్యాంకే. పైగా సరైన అడ్రసుకి డెలివరీ అయిందన్నది రుజువు కింద చెల్లదు. మనం ముట్టిందని ఒప్పుకున్న రసీదు లాంటిది చూపించాలి. ఇది చదవగానే మామయ్యగారు సోఫాలోంచి లేచి నిలబడ్డారు. "నేనన్న అక్నాలెడ్జిమెంటు ఇదేగా!" అన్నారు.

ఆ వాక్యాలు కాపీ చేసి ఫిర్యాదు రాశాను. మూడు వారాలకి 640 డాలర్లూ వెనక్కి వచ్చాయి. క్షమాపణ ఏమీ రాలేదు లెండి.

మీకెవరికైనా ఇలా జరిగితే "మీ అడ్రసుకే వచ్చింది" అనగానే ఫోన్ పెట్టేయకండి. ఆ కోడ్ పేరు చెప్పి, ఫిర్యాదు రాతలో ఇవ్వండి. ఇల్లు మారినప్పుడు ముందు బ్యాంకులో అడ్రసు మార్చండి, గృహప్రవేశం ఫోటోలు తర్వాత పెట్టుకోవచ్చు.

మా లెటర్ బాక్సుకి ఇప్పుడు తాళం ఉంది. 2024 నుంచి ఇక్కడ ఉత్తరాలు రోజు విడిచి రోజే వస్తున్నాయి కదా. మామయ్యగారు వచ్చినప్పుడల్లా మాత్రం రోజూ పొద్దున్నే తాళంచెవి పట్టుకుని బయటికి వెళ్తారు. ఉత్తరం రాని రోజున కూడా తెరిచి, లోపల చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ తాళం వేసి వస్తారు.

ఉంటాను మరి. నమస్కారం.