ఫామ్‌హౌస్ అద్దె (దొంతన్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల)

హైదరాబాద్‌కు పడమట, రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి, మొయినాబాద్, చేవెళ్ల మండలాల్లో తోట ఇళ్లను రోజు లెక్కన అతిథులకిచ్చే వ్యాపారం. శంకర్‌పల్లి మండలంలోని దొంతన్‌పల్లిలో ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉంది; అక్కడికి వచ్చేవారితో మామూలు రోజుల్లోనూ గిరాకీ ఉంటుంది. మిగతాచోట్ల గిరాకీ ప్రధానంగా శని, ఆదివారాలదే.

ఈ వ్యాపారానికి మూలం ఒక జీవో. 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో పరిశ్రమలను, భారీ కట్టడాలను ఆపింది. అపార్టుమెంట్లు రాని చోట ఫామ్‌హౌస్‌లు వెలిశాయి. తాగునీటి కోసం రాసిన ఉత్తర్వు నీడన ఈతకొలనులు పెరగడం విడ్డూరమే. 2022లో 69 జీవో ఆ ఆంక్షలను షరతులతో తొలగించింది.

ఇక అతిథులను దించుకునే నిబంధనలు. యజమాని కుటుంబం అక్కడే ఉంటేనే కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకం వర్తిస్తుంది. గదులు ఆరుకు మించరాదు. వాచ్‌మన్ చేతికి తాళాలిచ్చి నగరంలో ఉండేవారికి అది కుదరదు. విదేశీయులు దిగితే 24 గంటల్లో అధికారులకు తెలపాలి. విందులో మద్యం పోయాలంటే ఎక్సైజ్ అనుమతి తప్పనిసరి. మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లపై పోలీసు దాడుల వార్తలకు తరచూ ఆ అనుమతి లేకపోవడమే కారణం.