దళారి ఎక్కడ బలపడ్డాడు? - స్వతంత్ర ప్రోగ్రామరు తెరమరుగైన కథ

అమెరికా కొలువుల సంగతి కాస్తయినా ఎరిగిన తెలుగువారికి కన్సల్టెన్సీ, వెండరు, బెంచి, లేయరు అన్న మాటలు కొత్తవి కావు. పని చేయించుకునే కంపెనీ గంటకు చెల్లించే సొమ్ము ఒకటి, పని చేసినవాడి చేతికి అందేది మరొకటి. నడుమ ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఈ ఏర్పాటు మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, సాఫ్ట్‌వేరు వృత్తితోపాటే ఇదీ పుట్టిందని అనుకుంటాం. అమెరికాలో అనేకులు దీనిని భారతీయులు మోసుకొచ్చిన జాడ్యమని భావిస్తారు. రెండు అభిప్రాయాలూ చరిత్రకు నిలవవు. దళారి మొదటినుంచీ ఉన్నాడు, నిజమే. అయితే అతడు ఐచ్ఛికంగా ఉండేవాడు. అతణ్ణి అనివార్యుణ్ణి చేసింది ఒక చట్టం. ఆ చట్టం వచ్చినది 1986లో.

అంతకుముందు సంగతి చూద్దాం. డెబ్బయ్యో దశకంలో మెయిన్‌ఫ్రేములు, కోబాల్ రాజ్యమేలుతున్న కాలాన, ఒక బ్యాంకుకో బీమా కంపెనీకో ఆరు నెలల పని పడితే, దానికోసం శాశ్వత ఉద్యోగిని పెట్టుకోవడం దండగ. ఆ పని తెలిసిన ఒక మనిషిని పిలిచి, గంటకింత అని మాట్లాడుకుని, పని పూర్తయ్యాక పంపేవారు. అతడు తన పన్ను తాను కట్టుకునేవాడు, తన బీమా తాను చూసుకునేవాడు. మన ఊళ్ళో పేరున్న మేస్త్రీ లాంటివాడు: ఎవరి కొలువులోనూ లేడు, అందరికీ కావలసినవాడు. ఇటువంటివారికి 1978 నాటి రెవెన్యూ చట్టంలోని 530వ సెక్షను ఒక గొడుగు పట్టింది. ఆ రంగంలో చిరకాలంగా ఉన్న ఆచారం వంటి సమంజసమైన ఆధారం చూపగలిగితే, చెల్లింపు పత్రాలు సక్రమంగా దాఖలు చేస్తే, 'ఇతడు నీ ఉద్యోగే, బకాయి పన్ను కట్టు' అని పన్నుల శాఖ కంపెనీ మీద పడకూడదని దాని సారాంశం.

1986 పన్నుల సంస్కరణ చట్టంలో 1706వ సెక్షను ఆ గొడుగును కొందరి నెత్తిమీదినుంచి తీసేసింది. ఎవరి మీదినుంచి? ఇంజనీర్లు, డిజైనర్లు, డ్రాఫ్టర్లు, కంప్యూటర్ ప్రోగ్రామర్లు, సిస్టమ్స్ ఎనలిస్టులు, అటువంటి నైపుణ్యం గల ఇతరులు. చట్టంలో వృత్తుల పేర్లు ఇలా వరుసగా రాసి ఉన్నాయి. కారణం ఏమిటంటే, విదేశీ వ్యాపారానికి సంబంధించి ఐబీఎంకు మేలుచేసే ఒక పన్ను మినహాయింపు ఇవ్వదలచుకున్నారు. దానివల్ల ఖజానాకు తగ్గే ఆరు కోట్ల డాలర్లను మరొక చోట రాబట్టుకోవలసి వచ్చింది. ప్రోగ్రామర్లకు సంఘం లేదు, వారి తరపున అడిగే నాథుడు లేడు. సెక్షనును ప్రవేశపెట్టిన సెనేటర్ మొయినిహాన్ తానే ఆ తరువాత దాని రద్దుకు ప్రయత్నించాడు, ఫలించలేదు. నేటికీ అది చట్టంలో ఉంది.

ఇక్కడొక విచిత్రముంది. 1706 అక్షరాలా చూస్తే స్వతంత్రుణ్ణి నిషేధించలేదు. ప్రోగ్రామరు, క్లయింటు, నడుమ ఒక బ్రోకరు ఉన్న మూడు పక్షాల ఏర్పాటుకే అది వర్తిస్తుంది. ఆ లెక్కన దెబ్బ తగలవలసింది దళారికి. కాని బలమున్న బ్రోకరు వెంటనే వేషం మార్చాడు. ప్రోగ్రామరును తన జీతగాడిగా రాసుకుని, జీతంలోంచి పన్ను కోసి, యజమాని అయి కూర్చున్నాడు. ఇటు కంపెనీల న్యాయవాదులు, ఏ మూడు పక్షాలో ఏ రెండు పక్షాలో తేల్చుకునే శ్రమ ఎందుకని, ఒంటరివారితో నేరుగా ఒప్పందాలు వద్దన్నారు. 'నీ పని మాకు కావాలి, కాని ఫలానా ఏజెన్సీ ద్వారా రా' అన్న మాట ఆనాటినుంచి మామూలైంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడింది.

కంపెనీల భయానికి ఆ తరువాత మైక్రోసాఫ్ట్ ఉదంతం ముద్ర వేసింది. స్వతంత్రులుగా చూపిన కొందరు నిజానికి ఉద్యోగులేనని పన్నుల శాఖ తేల్చడంతో, ఆ సంస్థ కొందరిని ఉద్యోగంలోకి తీసుకుని, మిగతావారిని ఏజెన్సీల ద్వారా రమ్మంది. 1992లో దావా పడింది. 2000లో 9 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఏళ్ళ తరబడి ఉద్యోగుల పక్కనే కూర్చుని అదే పని చేసి, వారి హక్కులకు మాత్రం నోచుకోనివారికి అది న్యాయమే, కాదనలేము. కాని ఆ తీర్పులనుంచి పెద్ద కంపెనీలు నేర్చుకున్న పాఠం 'న్యాయంగా ఉండాలి' అన్నది కాదు. 'నడుమ గోడ మరింత మందంగా ఉండాలి' అన్నది.

గోడలు లేచిన ఈ ఇంట్లోకి మనవాళ్ళు అడుగుపెట్టారు. 1990 వలస చట్టం హెచ్-1బి వీసాను నెలకొల్పి ఏటా 65,000 పరిమితి విధించింది. 2000 సంవత్సరపు తేదీల సమస్య, ఇంటర్నెట్ వెల్లువ కలిసి వచ్చేసరికి ఆ పరిమితి 1,15,000కూ, 2001 నుంచి మూడేళ్ళపాటు 1,95,000కూ పెరిగింది. అమీర్‌పేట గదుల్లో నాలుగు నెలల కోర్సు చదివిన కుర్రవాడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగేవాడు. అతడికి స్వతంత్రంగా పనిచేసే ప్రశ్నే లేదు, ఎందుకంటే ఆ వీసాకు దరఖాస్తు చేయవలసింది యజమాని. కాబట్టి వరుస ఇలా ఏర్పడింది: పైన క్లయింటు, కింద ఆమోదిత వెండరు, ఆ కింద చిన్న వెండరు, అట్టడుగున వీసా పెట్టిన కన్సల్టెన్సీ, దాని కింద మనిషి. క్లయింటు నూరు డాలర్లు ఇచ్చాడనుకుందాం; ప్రతి మెట్టు మీదా కొంత రాలుతుంది. పని లేని కాలంలోనూ జీతమివ్వాలని 1998లోనే చట్టం చెప్పింది; బెంచి మీద కూర్చున్న ఎందరికో ఆ హక్కు కాగితం మీదనే మిగిలింది.

ఈ వ్యవహారాన్ని శ్రద్ధగా పరిశీలించినవాడు ఒక చైనా పరిశోధకుడు కావడం గమనించదగినది. షియాంగ్ బియావ్ అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదులోనూ సిడ్నీలోనూ తెలుగు ఐటీ పనివాళ్ళ నడుమ తిరిగి, 2007లో 'గ్లోబల్ బాడీ షాపింగ్' అన్న గ్రంథం వెలువరించాడు. ఒకరి మీద ఒకరుగా పేరుకున్న ఏజెంట్ల వరుసను, దాని మూలాలు మన కట్నాల దాకా ఎలా పాకాయో అందులో వివరించాడు. ఆ వరుసలో మనం బాధితులమే కాదు, లాభపడినవాళ్ళమూ మనమే. చిన్న కన్సల్టెన్సీలు నడిపినవారిలో తెలుగువారు తక్కువేమీ కాదు.

ఇది అమెరికా ఒక్కదాని కథా? కాదు. బ్రిటన్‌లో 1999 బడ్జెట్ సందర్భంగా వెలువడిన పత్రికా ప్రకటన సంఖ్యతో 'ఐఆర్35' అని పేరుపడ్డ నిబంధన 2000 ఏప్రిల్‌లో అమలుకు వచ్చింది. సొంత కంపెనీ పెట్టుకుని ఉద్యోగిలాగే పనిచేసేవారినుంచి ఉద్యోగి పన్ను రాబట్టడం దాని లక్ష్యం. స్థితిని నిర్ణయించే బాధ్యతను 2017లో ప్రభుత్వరంగంలో, 2021లో ప్రైవేటు రంగంలోని పెద్ద, మధ్యతరహా క్లయింట్ల మీదికి నెట్టారు. ఫలితం మనం ఊహించగలిగినదే. అనేక క్లయింట్లు ఒంటరివారితో ఒప్పందాలే మానుకున్నారు. 'అంబ్రెల్లా కంపెనీ' అనే కొత్త దళారి నడుమ వెలిశాడు. దేశం వేరు, దారి అదే.

పని వెతికిపెట్టడం, బాకీ వసూలు చేయడం, కొత్త ఊళ్ళో దిగినవాడికి నీడ చూపడం సేవలు కావని ఎవరనగలరు? మధ్యవర్తి చేసే పనికి విలువ ఉంది. అభ్యంతరం అతడి ఉనికి మీద కాదు, అతణ్ణి దాటిపోయే దారి మూసేయడం మీద. యాభై ఏళ్ళ అమెరికన్ ప్రోగ్రామరు తన బతుకు చెడగొట్టింది పాతికేళ్ళ తెలుగు కుర్రవాడని నమ్మాడు. ఆ కుర్రవాడేమో తనమీద అంత కోపమెందుకో తెలియక తలవంచుకుని పనిచేశాడు. మొదటివాడు తన పేరుమీద ఒప్పందం రాసుకునే హక్కును 1986లోనే పోగొట్టుకున్నాడు. రెండవవాడికి ఆ హక్కు వచ్చిన రోజునుంచీ లేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లయింది.

2025 జనవరిలో వచ్చిన నియమాలు, సొంత సంస్థ ద్వారా హెచ్-1బి పొందే అవకాశానికి కొన్ని షరతులతో స్పష్టమైన దారి చూపాయి. అదే ఏడాది సెప్టెంబరులో, దేశం వెలుపలినుంచి వచ్చేవారి కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు చెల్లించాలన్న ప్రకటన వెలువడింది. ఒక చేత్తో తలుపు ఓరగా తీసి, మరో చేత్తో అంత రుసుము అడిగితే, ఆ గడప దాటగలిగేది ఒంటరి మనిషా, వెనుక పెట్టుబడి ఉన్న సంస్థా? ముప్పై తొమ్మిదేళ్ళ చరిత్ర చూసినవారికి జవాబు చెప్పనక్కరలేదు.