పదిహేను వారాల ముందటి జీతం

1988 నవంబరులో ఉత్తర ఐర్లండ్‌లోని ప్రభుత్వ ఆరోగ్య సేవల ఉద్యోగులకి జీతాలు పెరిగాయి. చర్చలు తెమిలేసరికి ఆలస్యమైంది కాబట్టి పెంపుని ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచే లెక్కగట్టారు. మనకి బాగా అలవాటైన మాటలో చెప్పాలంటే, అరియర్స్. అయితే ఆ ఏడాది పురిటి సెలవు తీసుకున్న ఆడవాళ్ళ సెలవు జీతం మాత్రం పాత లెక్క దగ్గరే ఉండిపోయింది. వాళ్ళలో పదిహేడుమంది ట్రిబ్యునల్‌కి వెళ్ళారు. గిలెస్పీ కేసుగా పేరుపడిన ఆ గొడవ అక్కడ ఓడి, అప్పీలుకి వెళ్ళి, అక్కణ్ణుంచి లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానం దాకా నడిచింది.

పెంపు ఎందుకు రాలేదు? ఎవరి కక్షా లేదు. ఒక లెక్క ఉంది, అంతే. ఆరోగ్య సేవల ఒప్పందం ప్రకారం సెలవులో మొదటి నాలుగు వారాలు పూర్తి జీతం, తర్వాత రెండు వారాలు పదింట తొమ్మిది వంతులు, ఆ పైన పన్నెండు వారాలు సగం. దేశంలో మామూలు చట్టం ఇచ్చేదానికంటే ఇది మెరుగే. చట్టమైతే ఆరు వారాలు పదింట తొమ్మిది వంతులిచ్చి, మిగతా పన్నెండు వారాలకీ వారానికి 47.95 పౌండ్లు చేతిలో పెట్టేది. కాబట్టి ఒప్పందం రాసుకున్నవాళ్ళు పిసినార్లేం కారు. చిక్కల్లా 'పూర్తి జీతం' అంటే ఏమిటన్న చోట వచ్చింది. ప్రసవం జరగొచ్చని డాక్టరు చెప్పిన వారానికి సరిగ్గా పదిహేను వారాల వెనక ఒక వారం ఉంటుంది. ఆ వారానికి ముందు రెండు నెలల్లో చేతికందిన జీతం సగటే ఆమె జీతం. ఆ తర్వాత ఎవరికెంత పెరిగినా ఆ సగటు మారదు.

సెప్టెంబరు మధ్యలో నెలలు నిండే ఒకామెని ఊహించుకోండి. పదిహేను వారాలు వెనక్కి వెళితే జూన్ మొదట్లో తేలతాం. దానికి ముందు రెండు నెలలంటే ఏప్రిల్, మే. పాత జీతమే వస్తున్న రోజులు. ఆ ఏప్రిల్, మే నెలల్లో ఉద్యోగులకి రావలసింది ఇంకా ఎక్కువ అని నవంబరులో యాజమాన్యమే ఒప్పుకుంది కదా! ఒప్పుకుంది. కానీ ఈమె సెలవు జీతానికి ఆధారం 'రావలసింది' కాదట, 'అందింది' అట. ఒకే నెల జీతానికి రెండు అంకెలు, అందులో చిన్నది బాలింతకి.

ఈ కేసు డబ్బుల లెక్కలాగే కనిపిస్తుంది గానీ, దాని కింద చాలా పాత ప్రశ్న ఒకటుంది. గర్భిణి అయిన ఉద్యోగిని ఎవరితో పోల్చాలి?

సమాన వేతనం అన్న ఆలోచనే పోలిక మీద కట్టిన ఇల్లు. 1957 నాటి రోమ్ ఒప్పందంలో 119వ అధికరణంగా అది చేరింది, ఆదర్శం కొద్దీ మాత్రమే కాదు. ఆడవాళ్ళకి తక్కువ కూలీ ఇచ్చే పొరుగు దేశాల బట్టల మిల్లులతో పోటీపడలేమని ఫ్రాన్సు భయపడింది. బ్రిటన్‌లో 1968లో డాగెన్‌హామ్ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్ల సీట్లు కుట్టే ఆడవాళ్ళు సమ్మె చేశాక, మంత్రి బార్బరా కాసిల్ చేతుల మీదుగా 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం తనకి అన్యాయం జరిగిందంటున్న ఆడమనిషి ఒక మగవాణ్ణి చూపించాలి. అదే పని చేస్తూ, ఎక్కువ తీసుకుంటున్న మగవాడు. బానే ఉంది. మరి నెలలు నిండిన మగవాణ్ణి ఎక్కణ్ణుంచి తేవడం?

దీన్ని నేను జోక్‌గా అనడం లేదు, కోర్టులే సీరియస్‌గా అన్నాయి. కడుపుతో ఉందని ఒక ఉద్యోగినిని తీసేసిన టర్లీ కేసులో, అప్పీలు ట్రిబ్యునల్‌లో ఎక్కువమంది సభ్యులు చెప్పిందిది: గర్భిణికి సాటి వచ్చే మగవాడు లేడు, పోలిక లేదు కాబట్టి వివక్షా లేదు. ఈ తీర్పు 1980 నాటి లా రిపోర్టుల్లో ఉంది. ఒక సభ్యురాలు మాత్రం ఒప్పుకోలేదు. అనారోగ్యంతో అన్నే రోజులు సెలవు పెట్టే మగవాడితో పోల్చమంది. కొన్నేళ్ళకి ఆ మాటే నెగ్గి, గర్భిణుల కేసులన్నిటిలోనూ ఒక జబ్బు మనిషి వచ్చి కూర్చున్నాడు. ఆ రోజుల్లో అదే పెద్ద మేలు. కానీ పురుడు జబ్బా? వెబ్ కేసులో 1994లో యూరోపియన్ న్యాయస్థానం ఆ జబ్బు మనిషిని బయటికి పంపేసింది. గర్భిణి గర్భిణే, ఆమెని ఏ రోగితోనూ పోల్చక్కర్లేదంది.

ఆ మాట ఆడవాళ్ళకి ఎంత బలమిచ్చిందో, గిలెస్పీ కేసులో అంత ఇరుకునా పెట్టింది. 1996 ఫిబ్రవరి 13న తీర్పు వచ్చింది. పదిహేడుమందీ అడిగినవి రెండు. సెలవంతా పూర్తి జీతం కావాలి. కనీసం పెంపయినా కావాలి. మొదటిదానికి కోర్టు కాదంది. సెలవులో ఉన్న తల్లి ప్రత్యేకమైన స్థితిలో ఉంది, పనిలో ఉన్న మగవాడితో గానీ ఆడమనిషితో గానీ ఆమెని పోల్చలేం, కాబట్టి పూర్తి జీతం హక్కు కాదు. సెలవు ఉద్దేశమే దెబ్బతినేంత తక్కువ ఇవ్వకూడదు, అంతవరకే. పోలిక లేదన్న పాత వాదం కొత్త మర్యాదతో తిరిగొచ్చిందన్నమాట. రెండోదానికి మాత్రం అదే కోర్టు అవునంది. సెలవు జీతాన్ని ఆమె పనిచేసినప్పటి జీతం మీదే కడుతున్నారు, ఉద్యోగ బంధం తెగలేదు. లెక్కకి తీసుకున్న కాలం మొదలైనప్పటి నుంచి సెలవు అయ్యేదాకా ఎప్పుడు పెంపు వచ్చినా, వెనక తేదీతో వచ్చినా సరే, ఆమెకీ రావాలి. కడుపుతో లేకపోయి ఉంటే ఆమెకి అది వచ్చి ఉండేది కదా, అన్నది కోర్టు తర్కం.

ఇక్కడ పోలిక మగవాడితో లేదు, జబ్బు మనిషితో లేదు. ఆమెని ఆమెతోనే పోల్చారు. గర్భం రాకపోయి ఉంటే ఇవాళ ఆఫీసులో కూర్చుని ఉండే ఆమెతో. తీర్పులో నాకు నచ్చే భాగం ఇది. ఇదే కొలత మొదటి కోరికకి ఎందుకు పట్టదన్న ప్రశ్నకి మాత్రం తీర్పులో తృప్తికరమైన జవాబు కనపడదు. అన్ని దేశాల ఖజానాలూ జడ్జీల కళ్ళముందు మెదిలి ఉంటాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని సామెత. ఈ కథలో పూజారి బ్రిటిష్ ప్రభుత్వం. గిలెస్పీ తీర్పు తర్వాత 1996లోనే నిబంధనలు మార్చింది. మార్చి, వెనక తేదీతో వచ్చి ఆ రెండు నెలల లెక్కలోకి దూరే పెంపుకే ఆ మార్పుని పరిమితం చేసింది. రెండు నెలలూ దాటాక వచ్చిన మామూలు పెంపు సంగతి? దానికి మళ్ళీ ఇంకొకామె కోర్టుకెక్కాల్సి వచ్చింది.

వూలిచ్ సంస్థలో పనిచేసే ఆ ఉద్యోగిని సెలవు 1996 జనవరి 8న మొదలైంది. లెక్కకి తీసుకున్నవి 1995 సెప్టెంబరు, అక్టోబరు నెలలు. డిసెంబరు 1 నుంచి ఆమె జీతం ఏడాదికి 11,619 పౌండ్ల నుంచి 12,801 పౌండ్లకి పెరిగింది. సెలవుకి వెళ్ళేనాటికి నెలకి పైగా కొత్త జీతం మీదే పనిచేసింది, సెలవులో మాత్రం పాత జీతం మనిషైపోయింది. ఆమె పోరాడిన మొత్తం వడ్డీతో కలిపి రెండు వందల పౌండ్లకి కాస్త పైన. 1997లో వేసిన కేసు, అలబాస్టర్ కేసంటారు, 2004 మార్చి 30న లక్సెంబర్గ్‌లో గెలిచింది. పెంపు ఆ రెండు నెలల్లోకి వెనక్కి వెళ్ళక్కర్లేదు, సెలవు ముగిసేలోపు ఎప్పుడొచ్చినా లెక్కలోకి తీసుకోవాలన్నారు. గెలిచాక ఇంటికొస్తే ఇంటి చట్టం మళ్ళీ పాత ప్రశ్నే వేసింది: మగవాడేడీ? 2005 మేలో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు, ఈ కేసు వరకు ఆ షరతునే పక్కన పెట్టేస్తున్నామని చెప్పింది. ఆ సెలవు ఏ బిడ్డ కోసమో, ఆ బిడ్డకి అప్పటికి తొమ్మిదేళ్ళు.

కొండని తవ్వి ఎలకని పట్టారని అనిపించొచ్చు. కానీ 2005 ఏప్రిల్ 6 నుంచి బ్రిటన్‌లో రూలు మారింది. పెంపు సెలవు ఆఖరి వారంలో వచ్చినా సరే, అది మొదటి నుంచీ ఉన్నట్టే అనుకుని సెలవు జీతం మళ్ళీ కట్టాలి. 2010 సమానత్వ చట్టంలో మగవాడి ప్రసక్తి లేకుండానే ఈ హక్కుని రాశారు.

అందరికీ ఒకేసారి పెరిగే జీతం సంగతి ఇలా తేలింది. మరి పనితీరు చూసి ఇచ్చే పెంపు? హైదరాబాదు ఐటీ ఆఫీసుల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎవరికైనా వచ్చే ప్రశ్నే. ఫ్రాన్సులో థిబో కేసు దీని గురించే. ఏడాదిలో ఆర్నెల్లు హాజరైతేనే పనితీరు మదింపు అని ఒక పెన్షన్ నిధి సంస్థలో నియమం. 1983లో ప్రసూతి సెలవు వల్ల ఒక ఉద్యోగినికి ఆ ఆర్నెల్లు పూర్తికాలేదు, దాంతో రెండు శాతం దాకా పెరిగే అవకాశం పోయింది. 1998లో యూరోపియన్ న్యాయస్థానం అది వివక్షేనంది. పెంపు ఇచ్చితీరాలని అనలేదు, మదింపు జరిగే హక్కు ఆమెకుందని అంది. రెండింటికీ తేడా ఉంది, మేనేజర్లకి ఆ తేడా బాగా తెలుసు.

మన దగ్గరా ఈ తారీకుల తగువు లేకపోలేదు. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం పన్నెండు వారాల డబ్బు ఇమ్మంటే, కోయంబత్తూరు వైపు ఒక ఎస్టేటు యజమాని తన కార్మికురాలికి ఆదివారాలు తీసేసి డెబ్భైరెండు రోజులకే ఇచ్చాడు. వారమంటే ఏడు రోజులని చెప్పడానికి 1977లో సుప్రీంకోర్టు దిగిరావాల్సి వచ్చింది. ఇక జీతం విషయానికొస్తే, సెలవుకి వెళ్ళే తేదీకి ముందు మూడు క్యాలెండరు నెలల్లో పనిచేసిన రోజుల సగటు వేతనమే మన చట్టంలో కొలత. ఉత్తర ఐర్లండ్‌లో రెండు నెలలు, ఇక్కడ మూడు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే సెలవుకి వెళ్ళేముందు తీసుకుంటున్న జీతమే సెలవు జీతమని నిబంధన. మధ్యలో ఇంక్రిమెంటు తేదీ వస్తే కాగితం మీద పడుతుంది, డబ్బు మాత్రం తిరిగి డ్యూటీలో చేరిన రోజు నుంచే. మన రాష్ట్రాల్లో టీచర్లకీ ఇది తెలిసిన లెక్కే. 'చేరాక ఎలాగూ వస్తుంది కదమ్మా' అంటారు ఆఫీసులో. ఆ 'ఎలాగూ'కి ముందున్న నెలల తేడా ఎవరూ అడగరు.

సెలవు పొడుగు పెరిగేకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగినుల సెలవు 180 రోజులైంది. 2017లో చట్టం పన్నెండు వారాల్ని ఇరవయ్యారు చేసింది. రెండూ సంతోషించాల్సిన మార్పులే, అందరం సంతోషించాం కూడా. పన్నెండు వారాలు ఆగే పాత జీతం ఇప్పుడు ఆర్నెల్లు ఆగుతుందన్న చర్చ మాత్రం అప్పుడు పెద్దగా నడవలేదు. చాలా ప్రైవేటు కంపెనీలు సగటు గొడవ లేకుండా నెలనెలా జీతం వేసేస్తాయి, పెంపూ కలిపేస్తాయి. కలపని చోట ఏ సెక్షను చూపించి అడగాలి? సెలవులో ఉండగా ఉద్యోగ షరతుల్ని ఆమెకి నష్టం కలిగేలా మార్చకూడదని 1961 చట్టంలో 12వ సెక్షను ఉండేది. పెంపు ఇవ్వకపోవడం 'మార్చడం' కిందికి వస్తుందా అన్నది వాదించుకోవలసిన విషయం. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకి ప్రసూతి చట్టాన్ని మార్చి రాసుకున్నప్పుడు, ఆ మూడు నెలల సగటు కూడా అలాగే వచ్చి చేరింది. నాలుగో నెలలో జీతం పెరిగితే ఏం చేయాలో అందులోనూ రాయలేదు.