అచ్చంపేట ప్రాంతం: జనాభా పెరుగుదల

నల్లమల అంచున ఉన్న అచ్చంపేట 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం, ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలోది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జనాభా 2001లో సుమారు 35.14 లక్షలు, 2011లో 40.53 లక్షలు. పదేళ్లలో 15 శాతానికి పైగా పెరిగింది. అదే కాలంలో హైదరాబాద్ జిల్లా 3 శాతం లోపే పెరగగా, పక్కనున్న రంగారెడ్డి 48 శాతం పెరిగింది. ఇంత తేడా ఒక్క జననాల వల్ల రాదు. నగరంలో చోటు చాలక శివార్లకు, ఊళ్లలో పని లేక నగరానికి కదిలిన జనమే దానికి ప్రధాన కారణం. దేశాల విషయంలోనూ అంతే: ఖతర్ జనాభా పెరిగిందీ ప్రధానంగా వలస కార్మికులతోనే. జననాలు తగ్గి, వలసలూ అంతగా లేని జపాన్ మాత్రం కుంచించుకుపోతోంది.

పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీలు అంతగా వలస పోతే జిల్లా జనాభా ఎలా పెరిగిందన్న ప్రశ్న న్యాయమైనదే. ఆ వలసల్లో ఎక్కువ భాగం రుతువును బట్టి సాగేవి. వానలకు చాలామంది తిరిగొస్తారు. పైగా 2011 లెక్కింపు ఫిబ్రవరిలో, వలస కాలంలోనే జరిగింది. ఆ రోజులంతా బయట ఉన్నవారిని ఉన్నచోటే లెక్కించడం నియమం. కాబట్టి ఊరి అంకె అసలు కన్నా తక్కువగా ఉండే అవకాశం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చెంచు గిరిజనుల సంఖ్య అదే పదేళ్లలో 49,232 నుంచి 64,227కు చేరడాన్నీ జాగ్రత్తగానే చదవాలి: అడవిలోని పెంటల్లోకి (చెంచు గూడేల్లోకి) గణకులు మెరుగ్గా చేరినా ఆ అంకె పెరుగుతుంది. దాన్ని చూసి చెంచుల ఆరోగ్యం బాగుపడిందనుకుని వైద్యం, పోషకాహారం తగ్గిస్తే అది అన్యాయం.