పాట ఎవరిని నిలదీసింది?

నిరసన పాట కథ చెప్పాలంటే, అది ఎవరివైపు వేలు చూపిందో ముందు చూడాలి. తొలినాళ్ళలో ఆ లెక్క తేలికే. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ నెల్లూరు దగ్గర పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. తెల్లదొరతనం వద్దంటూ గరిమెళ్ళ సత్యనారాయణ కట్టిన పాట ఆంధ్రదేశమంతా మారుమోగిందీ ఆ రోజుల్లోనే. ఆ పాటకు గరిమెళ్ళ జైలుకెళ్ళారు. ఎదుట ఉన్నది దొర, పాడేది జనం. మధ్యలో సందేహం లేదు.

దొర వెళ్ళాక ఎవరిని అడగాలి? పులికాట్ సరస్సుకు చేరువలో, సూళ్ళూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆచార్య ఆత్రేయ ఈ ప్రశ్నను సినిమాలోకి తెచ్చాడు. అంతకు ముందే నాటకకర్తగా ఆయనకు పేరుంది. చాలీచాలని జీతంతో నలిగే గుమాస్తా బతుకును ‘ఎన్.జి.ఓ.’లో రంగస్థలానికి ఎక్కించినవాడు. ‘తోడికోడళ్ళు’ (1957) కోసం ఆయన రాయగా ఘంటసాల పాడిన పాట, కారులో షికారుకు వెళ్ళే పడుచును ఆపి అడుగుతుంది: నీ మేడకు చలువరాయి ఎలా వచ్చింది, నీ చీర వెనక ఎవరి చెమట ఉంది? కోపం లేదు, శాపం లేదు, సరసం ఆడుతున్నట్టే ఉంటుంది. అయినా శ్రమకూ సుఖానికీ మధ్యనున్న అన్యాయాన్ని ఇంత తేలిక మాటల్లో చెప్పిన సినిమా పాటలు తెలుగులో చాలా తక్కువ. శ్రీశ్రీ రాశాడనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పొరపాటు కూడా ఆత్రేయకు దక్కిన గౌరవమే.

ఇరవై నాలుగేళ్ళకు, ‘ఆకలిరాజ్యం’ (1981)లో అదే కలం మళ్ళీ ఆకలి దగ్గరికి వచ్చింది. ఢిల్లీలో ఉద్యోగం దొరకని కుర్రాళ్ళు ఖాళీ కడుపుతో, నవ్వుకుంటూ పాడుకునే పాట అది. పాడిన గొంతు బాలసుబ్రహ్మణ్యానిది, ఒకప్పుడు నెల్లూరు తిప్పరాజువారి వీధిలో సొంత ఇల్లు ఉండిన మనిషిది. రాసినవాడూ పాడినవాడూ నెల్లూరు తీరం వాళ్ళే. ఇక్కడ నిలదీయడానికి కారూ లేదు, మేడా లేదు. కుర్రాళ్ళు దేశాన్ని అడుగుతున్నారు, బదులు రాదని తెలిసే అడుగుతున్నారు.

1993లో వచ్చిన ‘గాయం’లో సిరివెన్నెల ఇంకో అడుగు వేశారు. తెరమీద తానే కనిపించి, బాలు గొంతుతో, కదలని జనాన్నే కడిగేశారు. గొప్ప పాట, ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. కానీ నెల్లూరు జిల్లా వాళ్ళకు ఆ మాటను పూర్తిగా ఒప్పుకోవాలనిపించదు. ఎందుకంటే ఇక్కడి ఆడవాళ్ళు అప్పటికే కదిలారు.

1991లో జిల్లాలో ‘అక్షరదీపం’ అనే అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి, జానపద బాణీలకు కొత్త మాటలు కట్టి పాడాయి. రాత్రిబడి వాచకంలోని ‘సీతమ్మ కథ’లో సారా అంగడి మూయించే ఆడవాళ్ళున్నారు. తీరానికి దూరంగా, మెట్టప్రాంతంలో ఉన్న దూబగుంటలో అది పాఠంగా మిగల్లేదు. ఆ ఊరి రోశమ్మా, తోటి ఆడవాళ్ళూ నిజంగానే అంగడికి అడ్డం నిలిచారు. వాళ్ళు చేసిన పని తిరిగి వాచకంలోకి ఎక్కి పక్క ఊళ్ళకు పాకింది. వాళ్ళు నిలదీసింది ఒక్క సర్కారునే కాదు, రాత్రి తూలుతూ ఇంటికొచ్చే మొగుణ్ణి కూడా. అరవై ఏళ్ళ సినిమా పాట ఆ గడప దాటి లోపలికి వెళ్ళింది అరుదు.

సారా నిషేధం ముందు నెల్లూరు జిల్లాలో వచ్చింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా అమలైంది. ‘గాయం’ విడుదలైందీ ఆ ఏడాదే.