ఒక రోజు ఆలస్యంగా చేరిన సవరణ

కువైట్ సిటీలో ఏటా ఫిబ్రవరి 25న జాతీయ దినోత్సవం, 26న విముక్తి దినోత్సవం జరుపుకుంటారు. 1991లో ఆ రెండు తేదీలు సాఫ్ట్‌వేర్ చరిత్రలోనూ నిలిచిపోయాయి. కువైట్ విముక్తి యుద్ధం ముగింపుకు వస్తున్న వేళ, ఫిబ్రవరి 25న ఇరాక్ ప్రయోగించిన స్కడ్ క్షిపణి సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికన్ సైనికుల బసపై పడి 28 మంది మరణించారు. అడ్డుకోవలసిన పేట్రియట్ వ్యవస్థ దానిని పసిగట్టలేకపోయింది.

కారణాన్ని 1992లో అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ వివరించింది. పేట్రియట్ గడియారం కాలాన్ని సెకనులో పదో వంతులుగా లెక్కించేది. ఆ పదో వంతు ద్విసంఖ్యామానంలో ఎడతెగని భిన్నం. 24 బిట్ల రిజిస్టరులో దాని చివర తెగిపోతుంది. యంత్రం ఆగకుండా నడిచేకొద్దీ దోషం పెరుగుతుంది. వంద గంటలకు అది 0.34 సెకను. ఆ వ్యవధిలో స్కడ్ అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. రాడార్ వెతికిన చోట క్షిపణి లేదు.

ఇంతే అయితే ఇది గణితదోషం మాత్రమే. కాని ఎనిమిది గంటల నడకకే గురి తప్పుతున్నదని ఇజ్రాయెల్ నుంచి ఫిబ్రవరి 11న సమాచారం అందింది. 16న సవరించిన ప్రతి విడుదలైంది. 21న వెళ్ళిన హెచ్చరికలో చాలాసేపు నడపడం ప్రమాదమని ఉంది. ఎన్ని గంటలో లేదు. కొత్త ప్రతి దహ్రాన్ చేరినది 26న.

ఏ ప్రతిలో ఏ పాఠముందో తెలియనిదే తాళపత్ర గ్రంథ పరిష్కర్త అడుగు వేయడు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రాచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్ ప్రోగ్రాములకు అటువంటి ప్రతుల చరిత్రను సమకూర్చింది. అయితే ప్రతులను భద్రపరచడం కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్‌లో ఒక భాగమే. అంశాల గుర్తింపు, మార్పుల నియంత్రణ, స్థితి నమోదు, తనిఖీ అనేవి దాని నాలుగు బాధ్యతలు. కాలాన్ని మరింత కచ్చితంగా మార్చే ఉపక్రమాన్ని పేట్రియట్‌లో కొన్ని చోట్ల చేర్చి, అవసరమైన అన్ని చోట్లా చేర్చలేదని గణితవేత్త రాబర్ట్ స్కీల్ 1992లో చూపాడు. ఒకే కాలానికి రెండు లెక్కలు ఏర్పడ్డాయి. ఒక మార్పు ఎక్కడెక్కడ వర్తించాలో చూడడం తనిఖీ పని. ఏ స్థావరంలో ఏ ప్రతి నడుస్తున్నదో, దాని పరిమితి ఎంతో చెప్పడం స్థితి నమోదు పని.

సవరణ సిద్ధమైనంత మాత్రాన పని పూర్తయినట్లు కాదు. అది నడవవలసిన చోట నడుస్తున్నదని నిర్ధారణ అయ్యేవరకు, నడిచేది పాత తప్పే.