బ్రేకు మెత్తబడితే

నల్లగొండ వాళ్ళు శ్రీశైలం వెళ్ళాలంటే దేవరకొండ, డిండి మీదుగా దారి. మన్ననూరు దాటితే నల్లమల అడవి. అదంతా ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లాలో వుంది. దోమలపెంట దాటాక రోడ్డు వంపులు తిరుగుతూ కృష్ణ ఒడ్డుకు దిగిపోతుంది. ఎక్కేటప్పుడు కారుకు ఇంజను కావాలి, దిగేటప్పుడు బ్రేకు కావాలి. ఇంత చిన్న సంగతి నాకు బోధపడటానికి మా మామగారి అంబాసిడరూ, దేవరకొండలో ఒక ముసలి ఉస్తాదూ కావలసివచ్చారు.

ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్మంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప గిన్నె. పెడలు తొక్కితే దాని లోపల రెండు షూలు విచ్చుకుని గోడకు ఒరుసుకుంటాయి. అంబాసిడరు కూడా చివరి రోజుల్లో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులతో వచ్చింది. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయిందనుకోండి, కాని విడిభాగాలు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే వుంటాయి. మావారు అలాంటివి సంపాదించి పాతకారుకు బిగింపించారు. తిరిగే ఇనుప పళ్ళాన్ని రెండువైపులా పటకారుతో పట్టినట్టు పట్టేస్తుందట డిస్కు. ఇక భయం లేదన్నారు.

తీరా బయల్దేరాక చూస్తే పెడలు మెత్తగా వుంది. పొంగిన పూరీ మీద వేలు పెట్టినట్టు లోపలికి దిగబడుతోంది. “కొత్తది గదా, అలవాటవుతుందిలే” అన్నారాయన. కొత్త చెప్పులు అలవాటవుతాయిగాని బ్రేకులు అలవాటవటం నేనెక్కడా వినలేదు. వెనక సీట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు. ముందు దోమలపెంట ఘాటు. దేవరకొండలో ఆపితేగాని కదలనని కూర్చున్నాను.

కాలికీ చక్రానికీ మధ్య ఏముంటుందో మనం ఆలోచించం. మొదట్లో వుండేవి ఇనుప కడ్డీలు, తీగలు. నాలుగు చక్రాలకు నాలుగు దారులు. ఒకటి బిగువై ఇంకొకటి వదులైతే కారు ఒకపక్కకు లాగి పొలంలోకి దిగేది. ఈ చిక్కు విప్పినవాడు మాల్కం లాగ్‌హెడ్ అనే అమెరికావాడు. జనం తమ ఇంటిపేరును సరిగా పలకటం లేదని దాన్ని లాక్‌హీడ్‌గా మార్చుకున్నారు. విమానాల కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఈయనా ఒకడే. కడ్డీలు తీసేసి సన్నని గొట్టాల్లో ద్రవం పోశాడు. మూసిన పాత్రలో ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సులో పాస్కల్ చెప్పిన మాటే దీనికి ఆధారం. ఆయన 1662లో కన్నుమూశాడు. ఆ పుస్తకం మరుసటి సంవత్సరం అచ్చయింది. ఆ తర్వాత దాదాపు రెండువందల అరవై ఏళ్ళకు, 1921లో, డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులు పెట్టుకుంది. ఆ ఏడే ఆ కంపెనీ పందెం కారు ఫ్రాన్సులో గ్రాండ్ ప్రీ గెలిచింది. ఎంత పరుగెత్తిందని కాదు, ఎంత ఆలస్యంగా బ్రేకు వేసి మలుపు తిరిగిందని జనం నోళ్ళు వెళ్ళబెట్టి వుంటారు.

మొదట్లో తోలు వాషర్లలోంచి ద్రవం కారిపోయేది. 1924లో క్రైస్లరువారు రబ్బరు కప్పులు పెట్టి దాన్ని కట్టడి చేశారు. హెన్రీ ఫోర్డ్ మాత్రం ద్రవాన్ని నమ్మలేదు. ఉక్కు కడ్డీయే ఉక్కు కడ్డీ అంటూ 1939 దాకా భీష్మించుకున్నాడు. మన హైదరాబాదు రాజ్యంలో 1932 జూన్‌లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టేనాటికి ఈ వాదం ఇంకా తెగనేలేదు.

డిస్కుది ఇంకా చిత్రం. ఇంగ్లండులో లాంచెస్టరు దానికి 1902లోనే పేటెంటు పుచ్చుకున్నాడు. రాగి ప్యాడ్లు కీచుమని అరిచేవట. అర్ధశతాబ్దం దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1953లో లె మాన్‌లో ఇరవైనాలుగు గంటల పందేన్ని డిస్కు బ్రేకుల జాగ్వార్ గెలిచాక లోకం కళ్ళు తెరిచింది.

ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. ఆరోజు దేవరకొండలో వేపచెట్టు కింద నిలబడ్డప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, పెడలు మెత్తగా వుందని.

ఉస్తాదు పనిముట్లు ముట్టుకోలేదు. ముందు లోపల కూర్చుని పెడలు ఒకసారి తొక్కాడు. దిగబడింది. గబగబా నాలుగుసార్లు తొక్కాడు. పైకొచ్చి గట్టిపడింది. అలాగే నొక్కిపట్టి నిమిషంసేపు కూర్చున్నాడు. కిందికి జారలేదు. జారితే మాస్టరు సిలిండరులో రబ్బరు కప్పు పోయినట్టట. డబ్బాలో నూనె తగ్గలేదు, చక్రాల దగ్గర తడి లేదు, కాబట్టి కారటమూ లేదు.

“గాలమ్మా. గొట్టాలల్ల గాలున్నది” అన్నాడు.

ద్రవం నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. కాలు వేసిన బలమంతా ఆ బుడగను నలపటానికే సరిపోతుంది. చక్రం దాకా చేరేది మిగిలిందే. దాన్ని తీసెయ్యటానికి చక్రం దగ్గర చిన్న నిప్పిలు వుంటుంది. ఒకరు తొక్కిపట్టాలి, ఒకరు నిప్పిలు వదులుచేసి మళ్ళీ బిగించాలి. తొక్కే వుద్యోగం నాకు పడింది. “తొక్కుండ్రి... పట్టుండ్రి... ఇగ ఇడువుండ్రి” అని ఆయన కిందనుంచి అరవటం, నేను బి.ఏ. చదువు మరిచి మిషను కుడుతున్నట్టు తొక్కటం. మూడు విడతలయింది. బుడగలు రాలేదు. పెడలు మాత్రం అంతే మెత్తగా వుంది.

ఆయన బీడీ వెలిగించి చక్రం పక్కన గొంతుక్కూచున్నాడు. కాసేపటికి నవ్వాడు. “ఇటు సూడమ్మా. నిప్పిలు ఏడున్నది? కిందికున్నది. గాలేడుంటది? మీదనే గద! నీళ్ళు పొయ్యే తూము కింద పెట్టి, మీదున్న గాలిని అండ్లకెల్లి రమ్మంటే ఎట్లొస్తది?”

పళ్ళాన్ని పట్టే ఆ పటకారు భాగాన్ని క్యాలిపరంటారు. బిగించినవాడు కుడిదాన్ని ఎడమకూ, ఎడమదాన్ని కుడికీ వేశాడు. చూడటానికి రెండూ ఒకటే, చక్కగా సరిపోతాయి కూడాను. పైన వుండవలసిన నిప్పిలు కిందికి వచ్చింది. ఎన్నిసార్లు తొక్కినా కింది నూనె పోయిందిగాని పైన గూడుకట్టిన గాలి కదల్లేదు. మా పాతకారు మెత్తదనానికి కారణం అరిగిపోవటం కాదు, కొత్త సామాను కుడిఎడమలయింది.

గంటన్నరలో రెండూ మార్చి మళ్ళీ నాచేత తొక్కించాడు. ఈసారి సన్నని గొట్టంలో సీసాలోకి బుడబుడమని బుడగలు. పెడలు కాలికి తగిలింది.

అయినా మునుపటికన్నా కాస్త లోతుగానే వుందేమని మావారు సందేహపడ్డారు. అదీ నిజమే. మాస్టరు సిలిండరు పిస్టను 19 మిల్లీమీటర్లు, క్యాలిపరు పిస్టను 48 అనుకోండి. వైశాల్యం ఆరురెట్లకు పైచిలుకు. బలమూ అన్ని రెట్లు పెరుగుతుంది. పాస్కల్ ఇచ్చే వరం అదే, కాని వూరికే ఇవ్వడు. అక్కడ ఒక మిల్లీమీటరు జరగాలంటే ఇక్కడ ఆరుకు పైగా తొక్కాలి. డ్రమ్ములకు సరిపోయిన సిలిండరు డిస్కులకు చిన్నదవుతుంది. మరీ పెద్దది పెడితే పెడలు రాయిలా గట్టిపడి కాలు నొప్పెడుతుంది. “వాపసొచ్చినంక అది మార్చుండ్రి” అన్నాడు ఉస్తాదు. పాత నూనె కూడా వుంచవద్దన్నాడు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. మామూలు డాట్ 3 రకం కొత్తగా వున్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరిగిపోవచ్చు. ఘాట్లో దిగుతూ పదేపదే బ్రేకు తొక్కితే లోపల ఆవిరి పుట్టి, పెడలు మళ్ళీ పూరీ అవుతుంది. అందుకే రెండో గేరులో దిగమని మావారికి రెండుసార్లు చెప్పాడు. ఆయన తలవూపారు. నేను విన్నాను కాబట్టి సరిపోయింది.

దోమలపెంట దాటి దిగుతున్నప్పుడు ప్రతి మలుపు దగ్గరా నా కుడికాలు తనంతట తనే ముందుకు వెళ్ళి ఉత్త నేలను తొక్కింది. మావారు అది చూసి నవ్వారుగాని, గేరు మాత్రం మార్చలేదు. వెనకనుంచి అత్తగారు పిల్లలకు కృష్ణను చూపిస్తున్నారు.